ఇరవై ఆరు మందికి ఒకటే నంబరు

ఫోన్‌లో నా గొంతు బాగుంటుందని మొదట ఎవరన్నారో గుర్తులేదు గానీ, ఆ మాట నమ్మినందుకు ఒక మధ్యాహ్నం నేను బందరు పక్కన గిలకలదిండిలో ఆరుగురు మగవాళ్ళను చంపేశాను. విషయం పోలీసుల దాకా వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే బాగుండేదని ఆ రోజు చాలాసార్లు అనిపించింది. స్టేషన్లో అయితే కనీసం కూర్చోవడానికి ఒక బల్ల ఉంటుంది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. వచ్చిన కాల్‌కు కూడా డబ్బు పడేది కాబట్టి, సెల్ ఉన్న పెద్దమనుషులు అది మోగగానే కట్ చేసి ల్యాండ్‌లైన్ కోసం పరిగెత్తేవారు. నేను గుడివాడలో డిగ్రీ పూర్తిచేసి, బందరులో కొత్తగా తెరిచిన ఒక జీవిత బీమా కంపెనీ ఆఫీసులో చేరాను. పొద్దున్నే అమ్మ కట్టిచ్చిన క్యారియర్‌తో బస్సెక్కి, పామర్రులో దిగి, బందరు బస్సు పట్టుకునేదాన్ని. కిటికీ పక్క సీటు దొరికితే ఆ రోజు నాకు ప్రమోషన్ వచ్చినట్టే ఉండేది.

నా పని ఫోన్ చేసి పాలసీ గురించి చెప్పడం. ఎవరైనా ఒప్పుకుంటే వాళ్ళింటికి ఏజెంటును పంపడం. అలా ఒప్పుకునేవాళ్ళు అప్పటికింకా కృష్ణా జిల్లాలో పుట్టినట్టు లేదు. మా మేనేజరు రామ్మోహన్ గారు చాలా సున్నితమైన మనిషి. చేరిన మొదటి రోజే కూర్చోబెట్టి పాఠం చెప్పారు.

"చావు అన్న మాట నీ నోట రాకూడదమ్మా విజయా. 'జరగరానిది జరిగితే' అనాలి."

"జరగరానిది అంటే ఏంటని అడిగితే ఏం చెప్పాలి సార్?"

"అడగరు. అందరికీ తెలుసు."

ఆయన మాట అక్షరాలా నిజం. ఎంత నిజమో తర్వాత మీకే తెలుస్తుంది.

నెల తిరిగినా ఒక్క పాలసీ రాలేదు. అప్పుడు ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి తగిలాడు. చేతిలో కాగితాల కట్ట, చెవి మీద పెన్ను. బీమా మీద ఆసక్తి ఉన్నవాళ్ళ పేర్లు, నంబర్లు అమ్ముతానన్నాడు. "వీటిని లీడ్స్ అంటారమ్మా. హైదరాబాదులో అందరూ ఇలాగే కొంటున్నారు. వీళ్ళంతా సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు, మీరు ఫోన్ చేయడమే తరువాయి" అన్నాడు. రూపాయికి రెండు పేర్లు. ఆ ఏడాది కాకరకాయలు కూడా అంత చవగ్గా లేవు. రామ్మోహన్ గారికి చెప్పకుండా నా సొంత డబ్బుతో రెండు కాగితాలు కొన్నాను.

మొదటి కాగితంలో ఇరవై ఆరు పేర్లున్నాయి. అందరికీ ఒకటే నంబరు. ప్రతి నంబరు పక్కనా బ్రాకెట్లో 'పి.పి.' అని ఉంది. "ఇదేంటండీ?" అని అడిగితే ఆ పెద్దమనిషి రెప్ప కూడా వేయకుండా, "పెద్ద పార్టీ అని అర్థం" అన్నాడు.

ఫోన్ లేనివాళ్ళు పక్కింటి నంబరిచ్చి పి.పి. అని రాసుకుంటారని ఆ రోజుల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళు పెళ్ళికార్డుల మీద మా ఇంటి నంబరే అలా వేయించుకున్నారు. వాళ్ళను పిలవడానికి నేనే పరిగెత్తేదాన్ని. అయినా ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఇరవై ఆరుగురు ఒకే ఇంట్లో ఉంటున్నారంటే ఎంత పెద్ద ఉమ్మడి కుటుంబమో అనుకుని మురిసిపోయాను.

మర్నాడు భోజనాలయ్యాక, రామ్మోహన్ గారు లోపల ఏవో ఫైళ్ళు చూసుకుంటుంటే, మొదటి పేరు వీర్రాజుకు ఫోన్ చేశాను. ఒక బొంగురు గొంతు పలికింది.

"వీర్రాజా? వేటకెళ్ళాడమ్మా. వాళ్ళావిడ పైడమ్మ ఉంది, పిలవమంటావా? పది నిమిషాలాగి చెయ్యి."

వేటకెళ్ళాడు అనగానే నా ఆనందానికి హద్దు లేకుండా పోయింది. మా గుడివాడ వైపు వరిచేలు తప్ప మరొకటి ఎరగని నాకు వేట అంటే తుపాకీ, గుర్రం గుర్తొచ్చాయి. ఉమ్మడి కుటుంబం, పైగా వేట. వీళ్ళు తప్పకుండా జమీందార్లే. గొంతు సవరించుకుని, నీళ్ళు తాగి, పది నిమిషాల తర్వాత మళ్ళీ చేశాను. ఈసారి ఒక ఆడమనిషి ఆయాసపడుతూ "హలో" అంది.

"నమస్కారమండీ. ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీవారు వీర్రాజు గారి విషయమండీ. జరగరానిది జరిగితే మీ కుటుంబానికి మూడు లక్షలు వస్తాయి..."

అవతల రిసీవరు దేనికో కొట్టుకున్న శబ్దం. లైను పోయిందనుకుని, రెండో పేరు పోలయ్యకు చేశాను. మళ్ళీ అదే బొంగురు గొంతు. ఈసారి ఆ గొంతులో కొంచెం వణుకుంది.

"పోలయ్య కూడానా అమ్మా?"

"అవునండీ. పోలయ్య గారు, తర్వాత నాగరాజు గారు, వెంకన్న గారు. అందరి పేర్లూ ఉన్నాయి నా దగ్గర."

పోలయ్యగారి భార్య వచ్చింది. ఆవిడకూ అదే పాఠం, అదే మర్యాద. తర్వాత నాగరాజుగారి తల్లి. వెంకన్నగారి దగ్గరికి వచ్చేసరికి వెనక పెద్దగా ఏడుపులు వినిపించాయి. జమీందారు గారింట్లో టీవీ సీరియల్ గట్టిగా పెట్టుకున్నారు కాబోలు అనుకున్నాను. అలా ఆరో పేరు దాకా నడిపించాను. ఆరో పేరుకు పిలవడానికి ఎవరూ వెళ్ళలేదు. ఆ బొంగురు గొంతు పెద్దాయనే మాట్లాడాడు.

"అమ్మా, ఆ మూడు లక్షలు ఎప్పుడిస్తారు?"

ఇన్నాళ్ళకు ఒకరు డబ్బు మాట ఎత్తారని నేను ఉత్సాహంగా, "ముందు మీరు కట్టాలండీ" అన్నాను.

"పోయినోళ్ళకి మేమే కట్టాలా?"

"ఎవరు పోయారండీ?"

"ఆ మాట నువ్వే చెప్పాలి తల్లీ. బోటు రావాల్సిన రోజు దాటి రెండు రోజులైంది. ఆరుగురూ ఒకే బోటు. నువ్వు వరసగా ఆరుగురి పేర్లూ చెప్పావు. శవాలు ఏ రేవులో తేలినయ్యో అదన్నా చెప్పు."

నా చేతిలోని రిసీవరు పది కిలోల బరువెక్కింది. ఆయన పేరు కాశీ అనీ, గిలకలదిండి హార్బరులో ఐసు అమ్ముతాడనీ, ఆ వాడ మొత్తానికి ఆయన కొట్లో ఉన్నదొక్కటే ఫోననీ అప్పుడు తెలిసింది. ఆ కాగితం ఎక్కడో బోట్ల వారీగా రాసుకున్న కూలీల పట్టీ. వేట అంటే సముద్రం మీద చేపల వేట. నేను ఒకే బోటులోని మనుషులను వరసగా పిలిచి, ఒక్కొక్కరి భార్యకూ తల్లికీ జరగరానిది చెప్పాను. రామ్మోహన్ గారన్నట్టే, జరగరానిది అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు.

విషయం చెప్పగానే రామ్మోహన్ గారు లేచారు. స్కూటరు తాళాలు తీసుకుని, "ఎక్కమ్మా" అన్నారు. తిట్టి ఉంటే తేలికపడేదాన్ని.

హార్బరులో ఐసు కొట్టు ముందు యాభై మంది దాకా ఉన్నారు. వలలు బాగుచేసేవాళ్ళు పని ఆపేసి నిలబడ్డారు. మధ్యలో నేల మీద కూర్చున్నావిడే పైడమ్మ అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నేను వెళ్ళి, ఫోన్ చేసింది నేనేననీ, అది పాలసీ అమ్మడానికి చేసిన ఫోననీ, మీవారికి ఏమీ కాలేదనీ గబగబా చెప్పాను.

పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమీ కాలేదని నీకు తెలుసా?"

నాకు తెలియదు. ఇందాక పోయారని చెప్పడానికి ఎంత తెలుసో, ఇప్పుడు ఉన్నారని చెప్పడానికీ అంతే తెలుసు. "తెలియదండీ" అన్నాను. నా బందరు ఉద్యోగంలో నేను చెప్పిన మొదటి నిజం అదే అయి ఉంటుంది.

ఆవిడ చెయ్యి వదల్లేదు. "అయితే కూర్చో. వాళ్ళొచ్చేదాకా కదలొద్దు."

కూర్చున్నాను. రామ్మోహన్ గారు కూడా ప్యాంటు పైకి లాక్కుని గోనెపట్టా కప్పిన ఐసు దిమ్మ మీద కూర్చున్నారు. అది కరుగుతున్న సంగతి ఆయనకు లేచాక తెలిసింది. కాశీ గారు టీ తెప్పించారు. ఆ ఆడవాళ్ళు నన్ను తిట్టలేదు. నాగరాజుగారి తల్లి, "తిన్నావా అమ్మాయ్?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ముఖం కూడా చూడని ఆరుగురి కోసం అంతలా దేవుణ్ణి మొక్కుకోవడం నాకు అదే మొదటిసారి. పరీక్ష ఫలితాల రోజున కూడా అన్ని కొబ్బరికాయలు మొక్కలేదు.

నాలుగున్నర దాటాక, కాలువ సముద్రంలో కలిసే మొగ వైపు నుంచి ఒక బోటు, దాని వెనక తాడు కట్టి లాగుతున్న మరో బోటు కనిపించాయి. ఇంజను చెడిపోయిందట. పైడమ్మ లేచి నిలబడి లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. అప్పుడు నా చెయ్యి వదిలింది. నాలుగు వేళ్ళ గుర్తులు రాత్రి దాకా ఉన్నాయి.

వీర్రాజు గట్టు మీద కాలు పెట్టగానే పైడమ్మ ఆయన భుజం మీద రెండు దెబ్బలేసింది.

"ఏంటే, ఏమైంది?"

"నువ్వు చచ్చిపోయావని ఫోనొచ్చింది."

"ఎవరు చేశారు?"

యాభై మందీ నన్ను చూపించారు. నేను లేచి నమస్కారం పెట్టాను. ఆయన నన్నూ, తడిసిన ప్యాంటుతో నిలబడ్డ రామ్మోహన్ గారినీ ఎగాదిగా చూసి, "నేను పోతే మూడు లక్షలా? ఇన్నాళ్ళూ నాకెవరూ అంత రేటు కట్టలేదే" అని నవ్వాడు. దాంతో అందరూ నవ్వారు. పైడమ్మ కూడా, కళ్ళు తుడుచుకుంటూనే.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ ఆరుగురిలో నలుగురు ఆ నెలలోనే పాలసీ తీసుకున్నారు. నాకు మొదటి పాలసీలు అవే. పైడమ్మ ఒకటే షరతు పెట్టింది, వాయిదా గుర్తు చేయడానికి నేనే రావాలి గానీ ఫోన్ చేయకూడదని. ఆ ఉద్యోగంలో ఉన్న నాలుగేళ్ళూ అలాగే వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ సంచిలో చేపలు పెట్టి పంపేవారు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఐసులో వేసిన చేపల వాసన తగిలితే నాకు ఆ రోజులే గుర్తొస్తాయి.

ఇక ఆ సాయంత్రానికి వద్దాం. బయల్దేరుతుంటే పైడమ్మ నాకు బుద్ధి చెప్పింది. "ఇదిగో అమ్మాయ్, ఎవరికి ఫోన్ చేసినా ముందు అందరూ బాగానే ఉన్నారని చెప్పాలి. ఆ తర్వాత నీ గోల నువ్వు చెప్పుకో."

ఎంత మంచి మాట. అప్పటికప్పుడు పాటించాలనిపించింది. ఎలాగూ ఆలస్యమవుతుందని కాశీ గారి కొట్లోంచే గుడివాడలో మా ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది.

"అమ్మా, అందరం బాగానే ఉన్నాం. నువ్వేం కంగారు పడకు. నాకు రావడం కొంచెం..."

అంతవరకే చెప్పగలిగాను. అవతల అమ్మ "ఏమండీ" అని పెట్టిన కేక తర్వాత లైను పోయింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

పామర్రులో నేను బస్సు దిగేసరికి చీకటి పడుతోంది. మా నాన్న, మా మావయ్య, పక్కింటి కాంపౌండరు గారు దూది, అయోడిన్ పట్టుకుని సెంటర్లో నిలబడి, బందరు నుంచి వచ్చే ప్రతి బస్సునూ ఆపి, "యాక్సిడెంటు ఎక్కడైందండీ?" అని అడుగుతున్నారు. అప్పటికి ఏడు బస్సులు ఆపారట. ఏడో బస్సు కండక్టరు, "ఉయ్యూరు దగ్గరట, ఎనిమిది మందట" అని చెప్పి వెళ్ళాడట. అతనికి ఎవరు చెప్పారో నేను అడగలేదు.

కాబట్టి, పైడమ్మ పట్టుకున్న నా కుడి చెయ్యి పైకెత్తి, కాంపౌండరు గారి అయోడిన్ సీసా సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నేను ఎవరికీ ఫోన్లో చెడ్డ కబురు చెప్పను. మంచి కబురు అసలే చెప్పను.