అత్తయ్య గొంతుకు తగిన మైకు

మా మేనత్త గొంతులో గడ్డ ఉందని, ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పినప్పుడు మేమంతా ప్రాణం గురించే అడిగాం. అత్తయ్య మాత్రం, "పాడుకోవడానికి ఉంటుందా బాబూ?" అని అడిగింది. ప్రాణానికి భయం లేదని, గొంతు కొంచెం మారినా మారవచ్చు, మారకపోనూవచ్చు అని ఆయన అన్నాడు. మారేడ్‌పల్లి నుంచి బొల్లారం వచ్చేదాకా ఆటోలో నేను ఒక్క సంగతే ఆలోచిస్తూ కూర్చున్నాను. అత్తయ్య పాటలో గొంతు జారే ఆ జారు ఏమైపోతుంది?

రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల రోజున మా చర్చి సంఘంలో పాడే ఒక పాత కీర్తన ఉంది. యవ్వనస్థులు దాన్ని కీబోర్డుకు సరిపడేలా ఇప్పటి రాగంలో పాడతారు. అత్తయ్య తన తల్లి దగ్గర నేర్చిన రాగంలో పాడుతుంది. చరణం చివర ఆమె స్వరం మెట్లు దిగినట్టు దిగదు. ఎక్కడ వదిలిందో, ఎక్కడ పట్టుకుందో తెలియకుండా జారుతుంది. అది వింటే ఎవరో తల వంచి మోకరించినట్టు అనిపిస్తుంది నాకు. చిన్నప్పటి నుంచి నేర్చుకోవాలని చూస్తున్నాను, నాకు రాలేదు. సంఘంలో ఇంకెవరికీ రాదు.

ఫోనులో రికార్డు చేశాను. మిగతా పాటంతా బాగానే పడింది గాని, జారు దగ్గర ఆమె గొంతు సన్నబడగానే ఫోను దాన్ని అక్కర్లేని చప్పుడనుకుని తుడిచేసింది. ఎన్నిసార్లు పాడించినా అంతే. ఆపరేషన్ లోగా మంచి మైకు కొనాలని అప్పుడే అనుకున్నాను. మంచిదంటే, మాలాంటి వాళ్లం కొనగలిగినంతలో మంచిది.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర వాద్యాలు అమ్మే దుకాణంలో కాలర్ మైకు తీసుకున్నాను. బట్టకు క్లిప్పు పెట్టుకుంటే చాలు. ఇంటికి తెచ్చి అత్తయ్య భుజం మీద తగిలించాను. మాట్లాడమంటే, "వందనాలండీ, అందరూ క్షేమమా?" అంది. అద్దంలా వినిపించింది. పాట మొదలుపెట్టింది. ఇయర్‌ఫోన్లో గరగర, బరబర! పాటంతా గోనెసంచిని ఈడుస్తున్నట్టుంది.

మర్నాడు దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు దాన్ని తన చొక్కాకు పెట్టుకుని, "వన్, టూ, త్రీ" అన్నాడు.

"మంచిగనే ఉంది గదమ్మా! సాఫ్‌గ వస్తుంది."

"మాట్లాడితే బాగానే ఉంది. పాడితేనే గరగరమంటున్నది."

"అట్లెట్లమ్మా? దానికేం తెలుసు, పాట ఏదో మాట ఏదో?" అని నవ్వి, ఇంకొకటి ఇచ్చాడు. అదీ అంతే.

ఎందుకు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మాటకు లోబడి పాటకు తిరగబడే యంత్రం ఉంటుందా? మళ్లీ పాడించాను. ఈసారి మధ్యలో ఊరికే కళ్లు తెరిచి చూశాను. అప్పుడు అర్థమైంది. పాట ఎత్తుకునే ముందు అత్తయ్య చెంగు తల మీదికి లాక్కుంటుంది. మైకు దాని కింద పడి నలుగుతోంది. ఆమె తల కదిపినప్పుడల్లా చీర రాసుకుంటోంది. ఇన్ని రోజులూ నాకు కనబడకపోవడానికి కారణం ఒక్కటే. ఆమె కీర్తన అందుకోగానే నేనూ ముసుగు వేసుకుని కళ్లు మూసుకుంటున్నాను.

"అత్తయ్యా, ఒక్కసారి ముసుగు లేకుండా పాడతావా?"

"ఏంటే, సినిమా పాటనుకున్నావా? ఎవరి ముందు పాడుతున్నాను నేను?"

"మైకు ముందు."

"మైకు ఎవరి ముందుంది మరి?"

ఉన్నది దేవుని ముందేనన్న ఆ మాట నేనూ నమ్ముతాను. ముసుగు తీయకూడదు. మైకే మారాలి.

"అయితే చీరకు పెట్టేది వద్దమ్మా, స్టాండుది తీస్కోండ్రి," అన్నాడు దుకాణదారు. "గిది కండెన్సర్. జెర దూరంల పెట్టినా సుత మస్తు పడ్తది. చీమ నడిస్తే కూడ వినిపిస్తది. తీస్కపోయి చూడుండ్రి, నచ్చకుంటే వాపస్ తెండ్రి."

ఆయన అబద్ధం చెప్పలేదు. అత్తయ్య పాడింది. విన్నాం. అత్తయ్య ఉంది. ఫ్యాను ఉంది. పక్కింటి కుక్కరు ఉంది. బొల్లారం స్టేషన్‌లో ఆగిన రైలు ఉంది. రెండో చరణంలో బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి సరుకు తెచ్చుకుని అమ్మే బండివాడు వచ్చాడు.

అత్తయ్య ఇయర్‌ఫోను తీసి నా వైపు చూసింది. "వీడెవడే, నా కీర్తనలో టమాటాలు అమ్ముతున్నాడు?"

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత ఆశ్చర్యం నన్ను పట్టుకుంది. పాడుతున్నంతసేపూ ఆ బండివాడు నాకు వినబడలేదు. అంటే నా చెవి తనకు కావలసినదాన్నే ఏరుకుని తక్కినదంతా వదిలేస్తోందన్నమాట. ఈ మైకుకు ఆ ఏరుకోవడం తెలియదు. మరి దేవుడు ఎలా వింటాడు? ఈ మైకులా ఒకేసారి అన్నీ వింటాడా, లేక ఒక్కొక్కరి దగ్గరికి వంగి వింటాడా? బైబిల్లో కొండ గుహలోని ప్రవక్తకు పెనుగాలిలోనూ భూకంపంలోనూ అగ్నిలోనూ కాక సన్నని స్వరంలో మాట్లాడిన దేవుడు, సన్నని స్వరాన్ని ఎలా వినాలో ఎరిగినవాడే అయి ఉండాలి.

ఆ ఆలోచన అత్తయ్యతో అన్నాను. "ఆయనకి టమాటాల వాడి కష్టమూ వినబడాలిగా," అంది. అంతటితో ఆ చర్చ ముగిసింది.

మైకుల గురించి దొరికిందల్లా చదివాను, వీడియోలు చూశాను. గదిలో చప్పుళ్లను తగ్గించడం మన చేతిలో లేనప్పుడు, దగ్గరిది తప్ప దూరానిది పెద్దగా పట్టించుకోని డైనమిక్ మైకు మేలని తెలిసింది. తీరా చూస్తే అది మా గుడిలో ఉండే చేతిమైకు లాంటిదే. కంప్యూటర్‌కు నేరుగా తీగ తగిలించే రకం తెచ్చాను. మొదట ఎందుకు దాన్ని చూడలేదంటే, గుడి మైకు కూస్తుంది గనుక. కూసేది మైకు కాదని, ఎదుట ఉన్న స్పీకరులోంచి వచ్చిన గొంతు మళ్లీ మైకులో దూరడం వల్ల ఆ కూత పుడుతుందని ఇంత వయసుకు తెలిసింది.

అత్తయ్యకు ఆ సంగతి నమ్మకం కుదరలేదు. మైకును చేయి చాచినంత దూరంలో పట్టుకుంది.

"దగ్గరికి పెట్టు అత్తయ్యా."

"కూస్తుందే."

"ఇక్కడ స్పీకరు లేదుగా."

"దానికి లేదని తెలుసా?"

చివరికి మైకును స్టాండుకు బిగించి, కుర్చీ దానికి ఆనుకునేంత దగ్గరగా వేశాను. కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపాను. ప్రార్థన చేసుకున్నాం. ఆమె ముసుగు వేసుకుని పాట ఎత్తింది. ఒక పాదం పాడి ఆగింది. కొంతసేపటికి రెండో పాదం పాడి, మళ్లీ ఆగింది.

ఆయాసం వస్తోందేమోనని భయపడ్డాను. "ఏమైంది అత్తయ్యా?"

"ఏమవ్వాలి? మీరు అందుకోవద్దూ?"

ఇళ్లలో జరిగే ప్రార్థన కూటాల్లో అందరి దగ్గరా పాటల పుస్తకం ఉండదు, ఉన్నా చదవలేనివాళ్లుంటారు. అందుకని ఆమె ఒక పాదం ఇస్తుంది, అందరూ తిరిగి పాడతారు. ఒంటరిగా ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా పాడటం ఆమెకు అలవాటే లేదు. సరే, ఖాళీలను తర్వాత కత్తిరించుకోవచ్చులే అనుకుని పాడనిచ్చాను.

ఆమె వంటింట్లోకి వెళ్లాక విన్నాను. జారు ఉంది. మొత్తం ఉంది. అంతకన్నా వింత, ఆమె ఊపిరి వినబడింది. ఆ జారు ప్రయత్నించే వాళ్లంతా సరిగ్గా దానికి ముందు ఊపిరి తీసుకుంటారు. నేనూ అంతే. ఆమె అక్కడ తీసుకోవడం లేదు. ఇంకా ముందే, ఎవరూ గమనించని ఒక చిన్న మాట దగ్గర తీసుకుని, మిగిలినదంతా ఆ ఒక్క ఊపిరి మీదే నడిపిస్తోంది. ఎదురుగా కూర్చుని ఇన్నేళ్లు విన్నా నాకు తెలియలేదు.

ఖాళీలను కత్తిరించలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి వచ్చాక కొన్నాళ్లు మాట్లాడవద్దన్నారు. ఆ రోజుల్లో ఒక ఉదయం ఆమె మంచం పక్కన కూర్చుని రికార్డు పెట్టాను. అత్తయ్య పాత గొంతు ఒక పాదం ఇచ్చింది. ఖాళీలో నేను అందుకున్నాను. మంచం మీది అత్తయ్య తల అడ్డంగా ఊపింది. మళ్లీ పెట్టాను. ఊపిరి ఆ చిన్న మాట దగ్గరే తీసుకున్నాను. జారు సగం దాకా వచ్చి తెగింది. మళ్లీ పెట్టాను.

"అట్లా కాదే పిల్లా!"

అన్నాక గుర్తొచ్చి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. గొంతు గరుకుగా ఉంది. మారిపోయిందో, గాయం ఇంకా మానలేదో అప్పుడే ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. చెంగు దించి, మళ్లీ పెట్టమని చేత్తో సైగ చేసింది.

నేను పాటను వెనక్కి జరిపాను.