శాంతక్క అడిగిన పాత చీర

కోడలు మనవడికి దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసింది. ఘాటుకు ఇల్లంతా దగ్గింది. ఘాటు వస్తే దిష్టి లేనట్టే అంటారు మావాళ్ళు. నాకు మాత్రం ఆ పొగ తగిలితే శాంతక్క గుర్తుకొస్తుంది.

ఎనభైల్లో, బొంబాయి కామాటిపురలో, వరుసగా ఒంటిగదులుండే మా చాల్‌లో ఆమె మా పక్క గదిలో అద్దెకుండేది. నటి. పెద్ద సినిమాల్లో కాదు. నలుగురు స్నేహితులు కెమెరా అద్దెకు తెచ్చి తీసే చిన్న సినిమాల్లో, అప్పుడప్పుడు టీవీ సీరియళ్ళలో. ఒంటరి నటికి బొంబాయిలో గది ఎవరిస్తారు? తెలుగు పిల్ల అని మా చాల్‌లో ఇచ్చారు. అది పోతే ఆమెకు ఇంకో నీడ లేదు. అది తెలిసీ, ఆమె టాక్సీ దిగిన ప్రతిసారీ లోపల ఎవరున్నారా అని తొంగి చూసేవాణ్ణి. ఎప్పుడూ ఎవరూ లేరు. అదీ నాకు అనుమానంగానే తోచేది.

ఒకరోజు, కట్టడాల కూలికి వెళ్ళే మా అమ్మ దగ్గరికి కొత్త చీర తెచ్చింది.

"పెద్దమ్మా, ఇది ఉంచుకో. నువ్వు పనికి కట్టే పాతది నాకియ్యి. ఉతకకు, గట్లనే ఇయ్యి."

"పిచ్చి లేసిందా బిడ్డా? సిమెంటు వాసనొస్తది," అని అమ్మ పడీ పడీ నవ్వింది.

"గదే కావాలె."

ఆమె వెళ్ళగానే అమ్మ మీద లేచాను. "కొత్తదిచ్చి విడిచిన బట్ట ఎవరన్న తీస్కపోతరా?"

"చుప్ కూసో. నాకు చీరొచ్చింది, నీకేం బాధ?"

మా పాలమూరు మనుషులకు ఒంటి మీది బట్ట అడిగారంటే ఒకటే అర్థం: బాణామతి, చేతబడి. ఆ వారంలోనే నా పసివాడికి జ్వరం వచ్చి, మిరపకాయలతో దిష్టి తీసినా దిగలేదు. నాకిక రుజువు అక్కర్లేకపోయింది. నలుగురిని వెంటేసుకుని ఆమె తలుపు నెట్టాను. లోపల అమ్మ చీరలో, ఒక చెయ్యి నడుము మీద, ఒకటి గోడకు ఆనించి, నేల మీంచి అచ్చం అమ్మలాగే లేస్తోంది శాంతక్క. వెంట వచ్చినవాళ్ళ వైపు తిరిగి అరిచాను.

"సూసిండ్రా! మా అమ్మను పట్టింది!"

"షూటింగ్ ఉంది తమ్మీ, కూలితల్లి ఏషం. పైసల్లేని సినిమా, బట్టలు మేమే తెచ్చుకోవాలె. కొత్త చీర కడితె ఎవరు నమ్ముతరు? పెద్దమ్మనడుగు, గిట్ల లేసుడు ఆమెనే నేర్పింది."

అమ్మ పనిలో ఉంది. సాయంత్రం దాకా ఆగితే తేలిపోయేది. నేను ఆగలేదు. యజమాని మనిషిని పిలిచి మధ్యాహ్నానికే గది ఖాళీ చేయించాను. పెట్టె టాక్సీలో పెడుతూ ఆమె నావైపు తిరిగింది.

"పిలగాన్ని దవఖానకు తీస్కపోయినవా? నా మీద కోపం తర్వాత, మొదలు వాణ్ణి చూడు."

తీసుకెళ్ళాను. మందుతో జ్వరం దిగింది. అయినా, ఆమె పోయాకే తగ్గిందని చాల్ అంతా చాటాను.

ఆ సినిమా ఒక ఆదివారం టీవీలో వచ్చింది. తెర మీద శాంతక్క నడుం పట్టుకుని లేవగానే, "అగో, నేనే!" అని అమ్మ తెర దగ్గరికి జరిగింది. కాసేపటికి నావైపు చూడకుండానే అంది: "నన్నొక్క మాట అడగకపోతివి గదరా."

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె నడుం పట్టుకుని లేవడం ఇప్పుడు ఆ సినిమాలో తప్ప ఎక్కడా లేదు. దాన్ని దాచి ఉంచింది నేను వెళ్ళగొట్టిన మనిషి. శాంతక్క తర్వాత ఎక్కడ తల దాచుకుందో నేను కనుక్కోలేదు. అనుమానం నాలో చావలేదు. కొత్త ముఖం కనిపిస్తే ఇప్పటికీ ముందు అదే లేస్తుంది. లేచినప్పుడు మాత్రం నలుగురిని పిలవను. వెళ్ళి తలుపు తడతాను, ఒక్కణ్ణే.