పురికి పెట్టిన కన్నం

1994 జూలై నెల. వేలూరులోని విత్తన పరీక్ష ల్యాబులో నేను టెక్నీషియన్‌గా చేరి అప్పటికి నాలుగేళ్లు. గుడియాత్తంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. కొడుకు సర్కారు ఆఫీసరయ్యాడని మా నాయన వీధివీధికీ చెప్పుకున్నాడు గానీ, నేను చేసేది రోజంతా గింజలు లెక్కపెట్టే పని. నాలుగు వందల గింజల్ని తడి కాగితాల మీద వరసగా పేర్చి, చుట్టచుట్టి పెట్టెలో పెట్టి, ఎన్ని మొలిచాయో రెండు వారాల దాకా చూసేవాణ్ణి. దీన్ని జెర్మినేషన్ టెస్ట్ అంటారు. విత్తనంలో ప్రాణం ఎంత ఉందో చెప్పే పరీక్ష ఇది.

ఏటా ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, విత్తనాలు చల్లేముందు గుడియాత్తంలో వ్యవసాయ ప్రదర్శన జరిగేది. అందరూ దాన్ని షో అనేవాళ్లు. పెద్దవాళ్లు చెప్పినదాన్ని బట్టి, మొదట్లో అది ఒక్క పూట వేడుకే. సంత మైదానంలో ఎవరి కొబ్బరికాయలు వాళ్లు, ఎవరి కోడెలు వాళ్లు తెచ్చి పెట్టుకునేవాళ్లు. పెద్దమనిషి ఒకడు చూసి ఇది మేలు, అది మేలు అని చెప్పేవాడు. పొద్దుగూకేలోగా అందరూ సర్దుకుని ఇంటికి పోయేవాళ్లు. నా కాలానికి అది మూడు రోజులయింది. కంపెనీల హైబ్రిడ్ విత్తనాల ప్యాకెట్లు వచ్చాయి, పంపుసెట్లు వచ్చాయి, డిష్ యాంటెన్నా అమ్మేవాడు కూడా ఒక స్టాలు వేశాడు. హాల్లో చోటు వాళ్లకు ఇచ్చి, రైతుల సరుకును బయట షామియానా కిందికి మార్చాం. షో ఎంత పెద్దదైపోయిందో అని మురిసిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ షోలో విత్తన నిల్వ అని ఒక పోటీ ఉండేది. వడ్ల విత్తనాన్ని ఏడాది పాటు ఎవరు బాగా కాపాడారో చూసే పోటీ. ఆ పల్లెల్లో విత్తనాన్ని పురిలో దాచేవాళ్లు. గడ్డిని తాడులా పేని, చుట్టలు చుట్టలుగా పెద్ద గుమ్మడికాయంత చుట్టి, లోపల వడ్లు పోసి మూసి, పైన పేడా మట్టీ కలిపి మెత్తితే అది పురి. ఒకసారి మూశాక మళ్లీ విత్తే రోజుకే విప్పుతారు. గోవిందప్ప అనే పెద్దాయన ఏళ్ల తరబడి ఆ పోటీకి జడ్జి. పురిని చేతుల్లోకి ఎత్తి చూసేవాడు, వేళ్లతో తట్టేవాడు, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు, అంతే. మార్కులు వేసేవాడు. నాకు అది సోది చెప్పడంలా కనిపించేది.

ఆ ఏడు ల్యాబు తరఫున నన్నూ జడ్జిగా వేశారు. నా వెంట ట్రయర్ తీసుకుపోయాను. ట్రయర్ అంటే మొన ఉన్న ఇత్తడి గొట్టం, దాని పక్కన ఒక గాడి. గోనె బస్తాలోకి గుచ్చి తిప్పితే లోపలి గింజలు గాడిలోకి జారి మన చేతికి వస్తాయి. గొట్టం తీశాక మొనతో చిల్లు మీద అటూ ఇటూ రుద్దితే గోనె పోగులు మళ్లీ దగ్గరికి చేరి చిల్లు మూసుకుపోతుంది. రోజూ బస్తాలకు చేసే పనే. పురికీ అంతే కదా అనుకున్నాను. మా ఇంట్లో పడుగూ పేకా తెలుసు గానీ పురి ఎవరికి తెలుసు? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

పోటీకి వచ్చిన పురుల్లో ఒకటి మునెమ్మ అనే ఆవిడది. కొండ పక్క పల్లె నుంచి నెత్తిన పెట్టుకుని బస్సెక్కి తెచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి, భర్త పోయాడు. అందులో ఉన్నవి ఎర్రగుత్తి వడ్లు. రెండు వానలు పడితే చాలు, పండే రకం. చుట్టుపక్కల అందరూ వదిలేశారు, ఆవిడ ఒక్కతే అత్తగారి కాలం నుంచి ఏటా కొంచెం వేసుకుంటూ వస్తోంది. ఈ ఏడు పొలమంతా కంపెనీ ప్యాకెట్లే వేద్దామని ఆవిడ మరిది పట్టుబట్టాడట. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. షోలో ఫస్ట్ ప్రైజ్ వస్తే అర ఎకరం ఎర్రగుత్తికి, రాకపోతే ఆ వడ్లు దంచుకు తినేయడమే. ఉన్న విత్తనమంతా ఆ ఒక్క పురిలోనే ఉంది.

నేను ట్రయర్ తీయగానే ఆవిడ పురికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నడిమధ్యలో కన్నం పెట్టరు నాయనా. విప్పేది ఆడిలోనే."

గింజ చూడకుండా మార్కులు వేయలేనని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి చెయ్యి తీసింది. గుచ్చాను. చేతిలోకి జారిన గింజల్ని చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. పురుగు లేదు, పొల్లు లేదు, కొరికితే పటుక్కుమంది. కంపెనీ ప్యాకెట్లలో కూడా అంత మంచి విత్తనం నేను అరుదుగా చూశాను. అక్కడికక్కడే ఫస్ట్ అని రాశాను. తర్వాత చిల్లు మీద ట్రయర్ మొనతో రుద్దితే గడ్డి గోనెలా దగ్గరికి చేరలేదు, అందుకని పైన ల్యాబు సీలున్న కాగితం చీటీ అంటించాను.

చీటీ వద్దు, పేడ తెచ్చి మెత్తుకుంటానని మునెమ్మ అడిగింది. మూడో రోజు పెద్ద అధికారి బహుమతులివ్వడానికి వస్తున్నాడు, ఇక్కడ పేడ పని కుదరదన్నాను. పక్కనే ఉన్న గోవిందప్ప నెమ్మదిగా ఒక మాట అన్నాడు.

"కన్నం పెడితే పెట్టినావు. ఈ పొద్దే ఇంటికి పంపించెయ్యప్పా."

ప్రైజు వచ్చిన వస్తువు చివరి రోజు దాకా బల్ల మీదే ఉండాలనేది రూలు. అది నేను రాసిన రూలు కాదు గానీ, ఆ రోజు దాన్ని నా సొంత రూలులాగే గట్టిగా చెప్పాను.

రెండో రోజు మునెమ్మ తన ఊళ్లోనే ఉంది. మధ్యాహ్నం వాన కురిసింది. హాల్లో కంపెనీ స్టాళ్లకు ఒక్క చుక్క తగల్లేదు. షామియానా గుడ్డ మధ్యలో నీళ్లు నిండి, బల్లల మీదికి కారాయి. వాన తగ్గాక పోయి చూస్తే మునెమ్మ పురి మీద నా చీటీ నానిపోయి ఉంది. నేనేం చేశాను? పాత చీటీ గీకేసి, తడి తుడిచి, కొత్త చీటీ అంటించాను. సీలు చక్కగా కనబడుతోందా లేదా అని కూడా చూసుకున్నాను. నీళ్లు లోపలికి దిగి ఉంటాయన్న ఆలోచన అప్పుడే వచ్చింది. వచ్చిన ఆలోచనను పక్కకు నెట్టేశాను. రేపు అధికారి వస్తాడు, ఇప్పుడు పురి విప్పితే బల్ల ఖాళీ అవుతుంది, ఎంత నీళ్లు దిగి ఉంటాయిలే అనుకున్నాను.

మూడో రోజు మునెమ్మ ఫస్ట్ ప్రైజ్ కార్డు అందుకుంది. మరిది కూడా వచ్చాడు. నవ్విన నాపచేనే పండుతాదని ఆవిడ అతన్ని ఎత్తిపొడిచింది. అతనూ నవ్వి, సరే వదినా, అర ఎకరం నీదే అన్నాడు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను.

నాలుగు వారాల తర్వాత, పురి విప్పి విత్తనాలు మొదలుపెట్టే ఆడి పద్దెనిమిదో నాటి పండగ దాటిన మరుసటి రోజు, ఆవిడ వేలూరు ల్యాబుకు వచ్చింది. చీర కొంగులో మూటగట్టిన వడ్లు నా బల్ల మీద విప్పింది. ముక్క వాసన కొట్టింది. సగం గింజలు నల్లబడి ఉన్నాయి. అయినా ఆశ చావక, పరీక్ష చేసి చూడు నాయనా అంది. నాలుగు వందల గింజలు పేర్చాను. రెండు వారాలకు ఆవిడ మళ్లీ వచ్చేసరికి మొలిచినవి పదకొండు.

రిపోర్టు చదివి వినిపించాను. ఆవిడ తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంది.

"నేను సరిగ్గా మెత్తినట్టు లేదు. నా చెయ్యి చెడిపొయ్యింది నాయనా."

ఆ పల్లెలో ఆడి విత్తనాలు మొదలుపెట్టేటప్పుడు తొలి పిడికెడు ఆవిడ చేతనే చల్లిస్తారట. హస్తవాసి మంచిదని పేరు. ఆ సంగతి ఆవిడే చెప్పింది. చెప్పి, ఇక మీదట ఇంకెవరినైనా చూసుకోమంటానని లేచింది. మొలిచిన ఆ పదకొండింటిని కొంచెంసేపు చూసింది గానీ కావాలని అడగలేదు.

ఎదురుగా కూర్చున్న నాకు నిజం తెలుసు. తప్పు చెయ్యిది కాదమ్మా, కన్నానిది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఉద్యోగం పోతుందని కాదు, అడిగేవాళ్లెవరూ లేరు. నాకు సిగ్గేసింది, అంతే. వాన ఎక్కువ కురిసింది కదమ్మా అని ఏదో గొణిగాను. ఆవిడ పోయింది. మర్నాడు ఆ పదకొండు మొలకల్నయినా కుండీలో నాటుదామని తోచి వెళ్లేసరికి పెట్టె కడిగేసి ఉంది. లెక్క అయిన మొలకల్ని పారేయడం మా ల్యాబులో రోజూ జరిగేదే.

మరుసటి ఏడు షోకు ఒక్క పురి కూడా రాలేదు. పోటీకి మనుషులు లేరని ఫారంలో ఆ వరస కొట్టేయమన్నారు. నా పెన్నుతోనే కొట్టేశాను. ఆ సాయంత్రం గోవిందప్ప కనిపిస్తే మునెమ్మ గురించి అడిగాను. ఆవిడ ఏడాదిగా ఎవరింట్లోనూ విత్తనం ముట్టుకోవడం లేదనీ, పిలిచినా పోవడం లేదనీ చెప్పాడు. పోయి ఆవిడకు నిజం చెప్పాలని ఆ రాత్రే అనుకున్నాను. అయినా వెంటనే పోలేదు, ఇంకో నెల రోజులు ఆ పనీ ఈ పనీ అని సాకులు వెతుక్కున్నాను.

చివరికి పోయాను. ఆవిడ అరుగు మీద వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చింది. గ్లాసు పట్టుకునే అంతా చెప్పేశాను. కన్నం, వాన, నానిన చీటీ, దాని చోట అంటించిన కొత్త చీటీ, నాకొచ్చిన ఆలోచన, దాన్ని నెట్టేసిన సంగతి. ఆవిడ ఒలిచేది ఆపి, చేతిలోని కాయల్ని కింద పెట్టింది.

"వాన కురిసిన పొద్దే చెప్పింటే ఆడనే విప్పి ఎండబోసుకునేదాన్ని కదా నాయనా. పోనీ, గింజలు లెక్కబెట్టినప్పుడన్నా చెప్పకూడదా? ఏడాదంతా ఈ చేతిని తిట్టుకుంటాండాను."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నన్ను క్షమించమ్మా అన్నాను. తప్పెవరిదో వీధిలో నలుగురి ముందరా చెప్పమంది. మరిదిని పిలిచింది, పక్కింటి ఆడవాళ్లను పిలిచింది. వాళ్ల ముందు నిలబడి తప్పు నాదేనని మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చెప్పాను. మరిది తల దించుకుని విన్నాడు. అర ఎకరం ఇప్పటికీ నీదే వదినా, కానీ వేసేదానికి ఏముండాది అన్నాడు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఎంతోమంది రైతులు నా బల్ల ముందు కూర్చున్నారు. మొలక తక్కువ వస్తే ముందు మా వైపు ఏం తప్పు జరిగి ఉండొచ్చో చెప్పి, ఆ తర్వాతే అంకె చెప్పేవాణ్ణి. కొత్తగా చేరిన పిల్లలకు ట్రయర్ చేతికిచ్చేటప్పుడు, గుచ్చబోయేది ఎవరిదో వాళ్లను ముందు అడగమనేవాణ్ణి. ఇదంతా మునెమ్మ దగ్గర నేర్చుకున్నదే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకోండి.

ఆ రోజు వీధిలో నేను చెప్పడం అయ్యాక ఒక ముసలావిడ, అయితే మునెమ్మ చెయ్యి మంచిదే కదా, ఈ ఏడు తొలి పిడికెడు ఆమె చేతనే చల్లిద్దాం అంది. అప్పుడు మరిదే చెప్పాడు. ఆ ఏడు విత్తనాలు మూడు రోజుల కిందటే వేరే వాళ్ల చేత్తో చల్లించేశారు.