చప్పుడు లేని బాణాలు

అశోక్ నగర్ కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెప్పే బాలకిషన్ సారు వేళ్ల మధ్య ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. ఎవరైనా కునుకు తీస్తే, పాఠం ఆపకుండానే దాన్ని విసురుతారు. ఇంతవరకు గురి తప్పలేదు. ఆ మధ్యాహ్నం మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. విమానాల్లోంచి పెన్సిలంత ఉక్కు బాణాలను కిందికి కుమ్మరించేవారట. మందుగుండు లేదు, ఎత్తు ఒక్కటే వాటి బలం. ఆ మేఘాల్లో తానే తేలుతున్నట్టు కళ్లు సగం మూసి చెబుతూ, మూడో వరుసలో నిద్రపోతున్న మంజుల వైపు చెయ్యెత్తారు.

పక్కనున్న రమ్య అడిగింది. "సార్, కిందున్నోళ్లకు చప్పుడన్న ఇనపడేదా?"

"చప్పుడేడిదమ్మా! అవి వస్తున్నయని ఎవ్వరికీ తెల్వది."

ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది. ఫ్యాను గాలికి వేళ్ల మీది సుద్దపొడి మెల్లగా రాలింది. ఆయన సుద్దముక్కను జేబులో వేసుకుని, మిగతా యుద్ధమంతా గొంతు తగ్గించి చెప్పారు.