కోడికాలు కొమ్ము

మొన్న జ్వరమొచ్చి మా చెల్లె పనికి పోలేదు. పొద్దున పది కాకముందే మా గల్లీ చివరి పసుపు పట్టే గిర్ని యజమానురాలి ఫోను. "ఇయ్యాల రాదా అక్కా? బస్తాల రాళ్ళు ఎవ్వల్లకు కనవడ్తలేవు" అని ఒకటే గొణుగుడు. అది విని, దుప్పటి ముసుగులో ఉన్న మనిషి లేచి కూర్చుని జడ వేయమంది. నాకు నవ్వొచ్చింది. ఒక పాత సంగతి గుర్తొచ్చి సిగ్గూ వేసింది.

చెల్లె అంటే వర్నిలోని మా చిన్నమ్మ బిడ్డ. బుద్ధి ఎదుగుదల తక్కువని చిన్నప్పుడే డాక్టర్లు చెప్పారు. చిన్నమ్మ పోయాక, ముప్పై దాటిన వయసులో నిజామాబాదులో మా ఇంటికి వచ్చింది. వచ్చిన వారానికే "నాకు పనియ్యే అక్కా, ఉత్తగ కూసోబుద్ధయితలేదు" అని వెంటపడింది. నేను మహా తెలివిగలదాన్ని కదా, గిర్ని నుంచి బుట్టెడు పసుపు తెచ్చి, పొడుగు కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి మండ దుంపలు ఒక పక్కకు ఏరమన్నాను. పొద్దంతా వంచిన తల ఎత్తకుండా ఏరేది. సాయంత్రం ఆమె స్నానానికి పోగానే రెండు కుప్పలూ కలిపి మళ్ళీ బుట్ట నింపేదాన్ని. పొద్దు గడిస్తే చాలు కదా అనుకున్నాను. ఆదివారం చర్చిలో పాస్టరుగారితో "నేను పని చేస్తున్న" అని ఆమె చెప్పుకుంటుంటే మురిసిపోయాను కూడా.

అట్లా ఇరవై రోజులు నడిచింది. ఒకనాడు వంటింట్లోకి వచ్చి నా ముందు ఒక కొమ్ము పెట్టింది. మూడు పాయలుగా చీలి, అచ్చం కోడికాలులా ఉంది.

"గిది నిన్న ఏరిన. మొన్న గూడ ఏరిన. మల్లెట్లొచ్చింది?"

నేను పొయ్యి వైపు తిరిగి కూర కలిపాను.

"నువ్వే కలుపుతున్నవా? నాతోని ఆటలాడుతున్నవా అక్కా?"

కోప్పడినా బాగుండేది. బిత్తరపోయి చూసింది. ఆ పూట అన్నం ముట్టలేదు. జాలిపడుతూనే మనిషిని అంతగా అవమానించవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

మర్నాడు గిర్నికి పోయి జరిగిందంతా చెప్పాను. యజమానురాలు నన్ను ఎగాదిగా చూసి, "బుద్ధి తక్కువ ఆమెకా, నీకా? తీస్కరా" అంది.

ఇప్పుడక్కడ ఏరే ఆడవాళ్ళ వరుసలో ఆమెకో పీట ఉంది. ఆమె ఏరింది ఆ రోజే మరలోకి పోతుంది. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ "ఇయ్యాలటిది అయిపోయిందక్కా" అంటుంది. కోడికాలు మాత్రం మా కిటికీలోనే ఉంది, పారేయనివ్వదు. కలిసిపోయిన పసుపునైతే మళ్ళీ ఏరుకోవచ్చు, నేను వట్టిగా పోనిచ్చిన ఆమె ఇరవై రోజులను ఏరి ఇవ్వడం నా చేత కాదు.