బావ అడిగిన చంద్రమండలం ప్రశ్నలు

మొన్న కురుగోడు బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తింటుంటే, గోడ మీది టీవీలో చంద్రుడి దగ్గరికి మళ్ళీ మనుషుల్ని పంపే సంగతి చూపిస్తున్నారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒకాయన చట్నీ వేసుకుంటూ, "అప్పుడెప్పుడో పోయొచ్చినారు గదప్పా, మళ్ళీ ఏం పనికి పోతాండారు వీళ్ళు?" అని ఎవరినీ చూడకుండా అడిగాడు. చాలా ఏళ్ళు అదే ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. ఇట్లాంటి ప్రశ్న చెవిన పడితే ఊరుకోవడం నాకు చేతకాదు. ఆ పూట మాత్రం ఇడ్లీ సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుని బయటికొచ్చాను. చంద్రుడి గురించి ఎవరేమడిగినా నాకు అది మా బావ గొంతులోనే వినిపిస్తుంది.

బావ అంటే మా అక్క మొగుడు. ఎమ్మిగనూరులో వరిమళ్ళున్న ఇంట్లో పుట్టాడు. ఇనుప గనుల పని జోరుగా సాగిన కాలంలో మడి వదిలి టిప్పర్ కొన్నాడు. మొదట్లో తానే తోలేవాడు. తర్వాత డ్రైవర్లను పెట్టుకున్నా, గని దగ్గర నిలబడి లోడు చేయించడం మానలేదు. ఇంటికొస్తే కనురెప్పలు కూడా ఎర్రగా ఉండేవి. అక్క ఆయన చొక్కాలు విడిగా నానబెట్టేది, ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా బకెట్టు ఎర్రగానే ఉండేది. బళ్ళారి గాంధీనగర్‌లో ఇల్లు కట్టాడు. ఆయన ఇంకొకరిని ఒక మాట అడిగే మనిషి కాదు. దారి తప్పినా కారు ఆపి అడగడు, నాలుగూళ్ళు చుట్టయినా తానే వెతుక్కుంటాడు. ఒకసారి మమ్మల్నందరినీ ఒక పెళ్ళికని బయల్దేరదీసి, సరిగ్గా విస్తళ్ళెత్తే వేళకు చేర్చాడు. పెళ్ళికూతురు మమ్మల్ని చూసి, ఎవరో రేపటి పెళ్ళివాళ్ళనుకుంది. సొంత అన్నతోనూ అంతే. మడి వదలొద్దని అన్న అడ్డం చెప్పినప్పుడు పట్టింపు వచ్చింది. అప్పట్నుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు.

అట్లాంటి మనిషికి ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాక ప్రశ్నలు మొదలయ్యాయి. ముక్కుకు సన్నటి గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను. అది రాత్రనక పగలనక బుడబుడమంటూ ఉండేది. ఏమీ తోచక ఫోన్లో ఏవేవో చూస్తూ చంద్రమండలం దగ్గర ఆగిపోయాడు. నేను అప్పటికి రిటైరై, అక్కకు తోడుగా వాళ్ళింట్లోనే ఉంటున్నాను. కాఫీ తీసుకుపోతే చాలు, "టీచరమ్మా, ఈడ కూర్చో" అనేవాడు. అంత దూరం పోయేవాళ్ళకి గాలి యాడిది? వదిలిన గాలి యాడికి పోతాది? అందులో ఒకటికీ రెంటికీ ఎట్లా? సంచులు కట్టుకునేవాళ్ళని చెబితే నవ్వాడు. ఆ నవ్వు దగ్గై, ఆ దగ్గు ఎంతకూ ఆగకపోతే, అక్క పరుగెత్తుకొచ్చి నన్ను గుడ్లురిమి చూసింది. "బావామరదళ్ళు చంద్రమండలానికి పోతాండారు. అన్నానికి పిలిస్తే దిగిరారు" అని గొణుక్కుంటూ ఆయన వీపు నిమిరింది.

వదిలిన గాలిని డబ్బాల్లో ఉండే ఒక మందు పీల్చేసుకుంటుందనీ, లేకపోతే తమ ఊపిరే తమకు విషమవుతుందనీ చెప్పినప్పుడు ఆయన మిషను వైపు చాలాసేపు చూశాడు. ఇద్దరు చంద్రుడి మీద దిగితే మూడోవాడు ఒక్కడే పైన చుట్టూ తిరుగుతూ ఉంటాడనీ, ఆవలి వైపుకు పోయినప్పుడు భూమ్మీద మాట కూడా వినిపించదనీ చెబితే, "వానికి బేజారు కాదా?" అన్నాడు. కాలేదనే చెప్పుకున్నాడట బావా, అన్నాను. "చెప్పుకుంటాడులే" అన్నాడు.

అప్పటికే పెద్ద డాక్టరు అక్కనూ నన్నూ బయటికి పిలిచి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, ఇక మందులు చేసేదేమీ లేదు, వానలు మొదలయ్యేదాకా ఉంటే గొప్ప, అని చెప్పాడు. ఆసుపత్రి వరండాలోనే అక్క నా చెయ్యి తీసుకుని తన తలమీద పెట్టుకుంది. "ఆయనకు తెలియకూడదు. నా మీద ఒట్టు" అంది. నేను సరేనన్నాను. ఇంటికొచ్చి, ఇన్ఫెక్షన్ అంట, తగ్గుతాదంట, అని ఆయనతో చెప్పింది. ఆయన తలూపాడు.

ఒక మధ్యాహ్నం అక్క మందులకని పోయినప్పుడు బావ అడిగాడు. "ఒకసారి చంద్రుడి కాడికి పోతాంటే దారిలోనే ఆక్సిజన్ ట్యాంకు పేలిందంట గదా. వాళ్ళకెట్లా తెలిసింది?"

"వాళ్ళకే ముందు తెలిసింది బావా. చప్పుడు విని కిందివాళ్ళకు చెప్పారు."

"వెనక్కి తిరిగిరాలేదా?"

"మధ్యలో తిప్పుకోవడానికి కుదరలేదు. చంద్రుణ్ణి చుట్టేసి రావలసిందే."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మరి కిందోళ్ళు వాళ్ళతో నిజం చెప్పినారా? భయపడతారని ఏమన్నా దాచిపెట్టినారా?"

"దాస్తే ఎట్లా కుదురుతుంది? చెయ్యాల్సింది వాళ్ళే గదా" అన్నాను. అన్నాకగానీ ఆ మాట ఎక్కడికి పోతుందో నాకు తెలియలేదు.

"నాతో ఎందుకు దాస్తాండారమ్మా మరి?"

అక్క ఒట్టు గుర్తుంది. కానీ ఎవరినీ దారి అడగని మనిషి నన్ను అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ రోజు అడిగినా అదే చెబుతాను. ఆయన ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, "మా అన్నను చూడల్ల. కారు మాట్లాడు" అన్నాడు.

అక్క రాగానే, నేను అంతా చెప్పానని ఆయనే అనేశాడు. ఆమె మాత్రలు డబ్బాలో సర్దుకుంటూ ఉండిపోయింది.

ఆక్సిజన్ సిలిండరు కారులో పెట్టుకుని ఎమ్మిగనూరు పోయాం. అక్క వెనక సీటులో ఆయన తలను భుజానికి ఆనించుకుని కూర్చుంది. ఆయన అన్న మడిలో నుంచి బురదకాళ్ళతోనే వచ్చి కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఇంత సన్నగైనావేందప్పా" అన్నాడు. "నువ్వు మాత్రం ఏం లావైనావులే" అన్నాడు బావ. తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆ ముసలాయన తెరిచిన కారు తలుపు దగ్గరే కూర్చున్నాడు. సిలిండరు మీటరు ముల్లు కిందికి దిగుతోందని నేనే లేపాల్సి వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బావ దారంతా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ఆ తర్వాత ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఫోను కూడా ముట్టుకోలేదు. తిండి తగ్గించేశాడు. డాక్టరు చెప్పినంత కాలం కూడా లేడు, ఎండలు ముదరక ముందే పోయాడు. అక్క మిషను ఆపేసినప్పుడు, ఇన్ని నెలలుగా ఆ ఇంట్లో ఎంత చప్పుడుందో తెలిసింది.

పదకొండో దినం అందరూ పోయాక అక్క నా ముందు కూర్చుంది. "నువ్వు చెప్పకుంటే ఇంకొన్నాళ్ళు ఉండేవాడు. ఆశతో తినేవాడు" అంది. గొంతు పెంచలేదు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏ సైన్సూ లేదు. అవునని ఒప్పుకోనూ లేను. మరుసటి రోజే బట్టలు సర్దుకుని కురుగోడు వచ్చేశాను.

ఇప్పటికీ ఏడాదికోసారి ఆయన తద్దినానికి పోతాను. అక్క వడ్డిస్తుంది. చారు కావాలా, బస్సు ఎన్నింటికి, ఇట్లాంటి మాటలు మాట్లాడుకుంటాం. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మధ్యాహ్నం మా ఇద్దరికీ దూరమవుతుందనుకున్నాను. అక్కకూ నాకూ జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు పట్టేశాయి, ఆ మధ్యాహ్నానికి మాత్రం వయసే రాలేదు.