అక్కడక్కడ వానలు

ఇరవై దాటిన కొత్తలో మనిషికి ఉండే ధీమా మళ్లీ ఏ వయసులోనూ ఉండదనుకుంటాను. ఆ రోజుల్లో జహీరాబాద్ మొత్తానికి ఆకాశం చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నేనని నా గట్టి నమ్మకం. భూగోళశాస్త్రంలో డిగ్రీ చేతికి రాగానే, బజారులో ఒక సెల్‌ఫోన్ దుకాణం పైగదిలో నడిచే కేబుల్ చానల్‌లో వాతావరణ వార్తలు చదివే ఉద్యోగం దొరికింది. యజమానిని ఊరంతా మైకు భాయ్ అనేవాళ్లు (ఒకప్పుడు పెళ్లిళ్లకు మైకుసెట్లు కిరాయికిచ్చేవాడు). మొదటిరోజే నేను ఈకల్లాంటి సిర్రస్ మబ్బులు, పత్తికుప్పల్లాంటి క్యుములస్ మబ్బులు, దుప్పటి కప్పినట్టుండే స్ట్రాటస్ మబ్బులు అంటూ మొదలుపెడితే, ఆయన కెమెరా ఆపేసి, "బేటీ, బాదల్ల పేర్లు ఎవలకు గావాలె? వాన వస్తదా రాదా, గంతే చెప్పు" అన్నాడు. అదొక్కటే నాకు తెలియదు. అందుకని వాతావరణ శాఖ నుంచి వచ్చే సూచననే చదివేదాన్ని. జిల్లాలో అక్కడక్కడ మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది.

ఈ 'అక్కడక్కడ' నా ప్రాణం తీసింది. వార్తలు అయ్యీ కాకముందే ఫోన్లు మోగేవి. "మేడం, రాయికోడ్ నుంచి మాట్లాడుతున్న. మీరు చెప్పిన అక్కడక్కడల మా ఊరు ఉన్నదా?" అని ఒకాయన రోజూ ఎంతో మర్యాదగా అడిగేవాడు. నేనూ అంతే మర్యాదగా ఉండవచ్చనేదాన్ని.

మాది ఝరాసంగం దగ్గర పల్లె. ఆ ఏడు బాపు సోయా విత్తనం తెచ్చి ఇంట్లో పెట్టుకుని, ఒక మంచి వాన కోసం ఎదురుచూస్తున్నాడు. తొలకరి జల్లులు కురిసినట్టే కురిసి ఆగిపోయాయి. ఒక పొద్దున వాకిట్లో చాయ్ తాగుతూ పైకి చూశాను. అడుగున చదునుగా, పైన చిన్న చిన్న బుడిపెలతో తెల్లటి మబ్బులు. పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్న మబ్బులే. "బాపు, ఇవి ఎత్తు పెరగలే. కురవయి. జర ఆగు" అన్నాను. బాపు "ఊ" అన్నాడు. నేను షేర్ ఆటో ఎక్కి జహీరాబాద్ పోయి, సాయంత్రం ఎప్పటిలాగే అక్కడక్కడ మోస్తరు వర్షాలని చదివాను. మర్నాడు సాయంత్రం పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి బాపు చేనంతా విత్తేసి, కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఆగమన్న గద బాపు."

"హోటల్ల టీవీ జూసిన. వాన పడ్తదంటివి."

"అది జిల్లాకంత చెప్పింది. నీకు ఇంట్ల చెప్తి గదా."

"ఇంట్ల నువ్వు నా బిడ్డవు, టీవీల మేడమ్‌వి. ఎవల మాట ఇనాలె మరి?" అన్నాడు, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు.

ఆ తర్వాతి రోజుల్లో వాన పడకపోలేదు. చిరాగ్‌పల్లిలో పడింది. జహీరాబాద్ బజారులో పడింది. ఒక సాయంత్రం నేను నిలువునా తడిసి ఆటో ఎక్కితే, ఊరు దాటగానే దుమ్ము రేగుతున్న పొడి రోడ్డు ఎదురైంది. ఇంటికి చేరాక అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఆ చున్నీ జర చేన్ల పిండిరా పో" అంది. నవ్వుదామని చూశాను కానీ ఆమె నవ్వడం లేదు. ఒకరోజు పడమట నల్లగా, నిలువుగా, తల పరుచుకున్న అసలు సిసలు మబ్బు లేచింది. దాని పేరు అరుస్తూ వాకిట్లోకి పరుగెత్తాను. బాపు కూడా లేచి నిలబడ్డాడు. అది మా చేను మీద నీడ వేసుకుంటూ మెల్లగా వెళ్లిపోయింది. కాసేపటికి ఫోను వచ్చింది. "మేడం, మీరు చెప్పినట్టే మా రాయికోడ్‌ల దంచికొట్టింది. సల్లగుండాలె మీరు."

మొలకలు తల ఎత్తీ ఎత్తకముందే వాడిపోయాయి. సాలు వెంట నడుస్తూ బాపు ఒక మొలకను పీకి చూసి పడేశాడు. ఆ చేనును మళ్లీ దున్ని, మిగిలిన ఆశతో కంది వేశాడు.

అప్పుడొచ్చింది వాన, ఈసారి జహీరాబాద్‌లోనూ మా పల్లెలోనూ. ఆ సాయంత్రం కిటికీలన్నీ మూసిన పైగదిలో నేను జిల్లా అంతటా పొడి వాతావరణం అని చదువుతున్నాను. మా ఊళ్లో హోటల్ రేకుల మీద వాన దడదడలాడుతుంటే, లోపల టీవీలో నన్ను చూసి జనం పొట్టలు పట్టుకుని నవ్వారట. "ఏందే, నీ బిడ్డ వాన లేదంటున్నది" అని ఎవరో అంటే, బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, "పిల్ల మంచిగనే చెప్తున్నది. వానకే తెల్వలే" అన్నాడట. ఆటో నడిపే అన్న చెప్పాడీ సంగతి.

ఇప్పుడు బడిలో పిల్లలకు మబ్బుల బొమ్మలు వేస్తుంటాను. నడుం నిటారుగా నిలబెట్టి, బయట అంత వాన కురుస్తున్నా గుక్క తిప్పుకోకుండా పొడి వాతావరణం అని చదువుతున్న ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. పోయి ఆ కిటికీ తెరిచి చూపించాలనిపిస్తుంది. చూపించినా, ముందుగా ఆ మబ్బు పేరే చెప్పి ఉండేది.